మైకు గఫూర్ సాబ్ చావు కబురు

ఉప్పు వేసిన వేణ్ణీళ్ళు నోట్లో పోసుకుని, తల వెనక్కి వాల్చి, నలభై అంకెలు లెక్కపెట్టేదాకా గొంతులో తిప్పాలి. ముప్పై దగ్గరే ఊపిరి చాలక గఫూర్ సాబ్ ఆ నీళ్ళను మోరీలోకి ఊసేశాడు. నీళ్ళతోపాటు ఎర్రటి పోగు ఒకటి జారింది. హమీదాబీ వంటింట్లోంచి రాకముందే ఇంకో చెంబెడు నీళ్ళు కుమ్మరించి దాన్ని సాగనంపాడు.

పత్తి సీజను నడుస్తోంది. ఆదోని జిన్నింగు మిల్లులన్నీ రాత్రనక పగలనక తిరుగుతున్నాయి. ఆ మిల్లుల్లోంచి లేచిన దూది గోడల మీద, ఆరేసిన బట్టల మీద, గుంజకు కట్టేసిన మేక గడ్డం మీద కూడా వాలి ఉంది. గఫూర్ సాబ్ గడ్డానికి గోరింటాకు పెట్టుకుంటాడు గనుక అక్కడ మరీ బాగా కనిపిస్తుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఎండిన ఒళ్ళు, పొడుగు. ఏళ్ళ తరబడి మైకు బ్యాటరీ మోసి మోసి కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగింది. మెడ మాత్రం ఆ ఒంటికి సరిపడేది కాదు. లావుగా, నరాలు తేలి, మధ్యలో పెద్ద గుబ్బతో, ఎవరో బలశాలి మెడను తెచ్చి అతికించినట్టుండేది. ఈ ఏడాదిగా ఆ గుబ్బ పక్కన ఇంకో చిన్న గుబ్బ లేచింది.

"పాలల్లో రొట్టె నానేసినా, నిదానంగా మింగు. హకీంను ఈ దినమైనా గట్టిగా అడుగు, లాలాబీ అబ్బా," అంది హమీదాబీ. ఆమె చేతులకు పచ్చ గాజులు, మోచేతి దగ్గర వరకూ. కూతురు లాలాబీకి ఏడో నెల వచ్చిందని తెలిసిన దినం గఫూర్ సాబే కొనిచ్చాడు. తుగ్గలిలో కాపురం చేస్తున్న ఆ పిల్లకు ఎనిమిదేళ్ళకు కడుపు పండింది. ఇంకో పదిహేను దినాల్లో కానుపుకు తీసుకు రావాలి.

గఫూర్ సాబ్ తల ఊపాడు. ఈ మధ్య అన్నిటికీ తల ఊపడమే.

ఆదోనిలో అతని ముఖం తెలిసినవాళ్ళు నూరుమంది ఉంటే గొప్ప. గొంతు తెలియనివాళ్ళు మాత్రం లేరు. పదహారేళ్ళప్పుడు జిన్నింగు మిల్లులో పత్తి బోరాలు మోస్తూ, ఆ మిషన్ల రొదలో అవతలి కొసనున్నవాణ్ణి కేకేస్తే వాడు తిరిగి చూశాడట. దాంతో మేస్త్రీ ఇతన్ని బోరాలు మోయడం మానిపించి కేకలు వేసే పనిలో పెట్టాడు. అటు తర్వాత సినిమాలకు రేకు గొట్టం పట్టుకుని ఊరంతా తిరిగాడు. గోవిందన్న మైకుసెట్టు అంగడి పెట్టాక, సుంకప్ప జట్కాబండి మీదకెక్కాడు. ఇరవై ఆరేళ్ళు ఆ జట్కా దిగలేదు. సినిమాలకు ఒక గొంతు, ఓట్లకు ఒక గొంతు, చావు కబురుకు ఒక గొంతు. మూడూ వేరువేరు. మూడో గొంతు వినిపిస్తే ఇళ్ళల్లో పొయ్యిమీద చారు మరుగుతున్నా ఆడవాళ్ళు గరిటె పట్టుకునే వాకిట్లోకి వచ్చి నిలబడేవాళ్ళు, ఎవరి పేరు వస్తుందోనని. ప్రతి నాలుగురోడ్ల దగ్గరా మూడుసార్లు చెప్పాలి. మూడోసారి అయ్యాకే ఊరు ఆ చావును నమ్ముతుంది.

ఎమ్మిగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. పక్కసీటు ఆసామి మున్సిపాలిటీ ఎన్నికల గురించి ఏదో అడిగితే నవ్వి ఊరుకున్నాడు. మూగవాడనుకుని అతను జాలిగా జరిగి కూర్చున్నాడు. ఆదోని గఫూర్ సాబ్‌ను మూగవాడనుకున్న మొదటి మనిషి ఆయనే అయి ఉండాలి.

హకీం ఇల్లు మగ్గాల వీధిలో. ఒక్కో గుమ్మం దాటుతుంటే ఒక్కో మగ్గం టకటకలు. హకీం ముసలివాడు, ఎనభై దాటినవాడు. లాంతరు దగ్గరగా పట్టించి, చెంచాతో నాలుక నొక్కి చాలాసేపు చూశాడు. చెంచా కడిగి తుడిచి దాని చోట పెట్టాక అడిగాడు.

"కర్నూలు పెద్దాస్పత్రికి పోతివా?"

పోయినానని తల ఊపాడు.

"వాళ్ళు కోయాలన్నారు. నువ్వు వద్దన్నావు."

ఔను.

"సరేలే. సూడు సాబ్, నీ గొంతులో ఇంకా పిడికెడు మాటలుండాయి. అవి అయిపోయినాంక గాలే. యాడ పడితే ఆడ పారేసుకోవాకు."

గఫూర్ సాబ్ వేళ్ళు మడిచి లెక్కపెట్టి చూపించాడు. రెండు నెలలు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు, నమాజుకు పిలిచేవాడిలాగా. హకీంకు అర్థమైంది. పుట్టిన బిడ్డ కుడిచెవిలో అజాన్ చెప్పాలి. లోకంలో ఆ బిడ్డ వినే మొదటి మాట అదే కావాలి. ఊరందరి చెవుల్లో ఇరవై ఆరేళ్ళు అరిచిన మనిషి, తన రక్తం చెవిలో ఆ నాలుగు మాటలు చెప్పుకోవాలనుకుంటున్నాడు. అంతకుమించి అతనికి కోరిక లేదు, నిజంగానే లేదు.

"నెమ్మదిగా సెప్పేదే కదా, సెవిలో," అన్నాడు హకీం. "మూసుకొనుంటే నిలుస్తాది. పో."

మధ్యాహ్నం రెండింటికి ఆదోనిలో బస్సు దిగాడు. ఎండ మాడుతోంది. బస్టాండు బయట సోడాబండి దగ్గర నిలబడ్డాడో లేదో, ఆలూరు రోడ్డు వైపునుంచి మైకు వినిపించింది. మూడో గొంతు. చావు గొంతు.

అలవాటుకొద్దీ తల వంచి నిలబడ్డాడు. ఎవరో పోయినట్టున్నారు పాపం అనుకుని, చదవవలసిన రెండు మాటలు మనసులోనే చదువుకున్నాడు. పేరు కోసం చెవి రిక్కించాడు. ఆ గొంతు తనదేనన్న సంగతి ఒక్క నిమిషం తట్టనే లేదు.

"పట్టణ ప్రజలకు మనవి. కౌడల్‌పేట నివాసి, షేక్ అబ్దుల్ గఫూర్ సాబ్, మైకు గఫూర్ సాబ్, ఈ తెల్లవారుజామున కన్నుమూసినారు. జనాజా సాయంత్రం అసర్ నమాజు తరువాత ఇంటినుంచి బయలుదేరుతుంది."

సోడాబండి మనిషి చేతిలోని సీసా అట్లాగే ఆగిపోయింది. "అయ్యో, మైకు సాయిబు పోయినాడప్పా," అన్నాడు, ఎదురుగా నిలబడ్డ గఫూర్ సాబ్‌తోనే. "యాడో ఒకసారి సూసినట్టు గుర్తు. గొంతు మాత్రం, అబ్బ..."

మైకు రెండోసారి చెప్పింది. మూడోసారి చెప్పింది. ఆ తర్వాత ఆగలేదు. గుర్రం కదిలినట్టుంది, గిట్టల చప్పుడుతోపాటు ఆ గొట్టంలోంచి దగ్గు వినిపించింది. మళ్ళీ దగ్గు. "గోవిందన్నా, రోన్ని నీళ్ళియ్యప్పా" అన్న మాట. గుటకలు. ఆపైన ఉత్త ఊపిరి. బరువుగా, తీరిగ్గా, ఒకదాని వెంట ఒకటి. ఆ ఊపిరి ఆలూరు రోడ్డు వెంబడి ఇళ్ళ మీదుగా పోతూ ఉంటే, నీడన పడుకున్న కుక్కలు లేచి నిలబడ్డాయి.

గఫూర్ సాబ్‌కు అప్పుడు గుర్తుకొచ్చింది.

నాలుగు నెలల కిందట, గొంతు బొంగురుపోవడం మొదలైనప్పుడు, గోవిందన్న టేపురికార్డరు ఎదుట కూర్చోబెట్టాడు. "గొంతు ఉండంగానే పట్టిపెట్టుకుందాం సాబ్. రేపు నువ్వు ఇంట్లో పండుకున్నా నీ మాట ఊరంతా తిరుగుతాది," అన్నాడు. చీరల అంగడి, సినిమాలు, లాంతరు గుర్తు, తక్కెడ గుర్తు, పదకొండు టేపులు నింపాడు. ఇప్పుడు పొద్దుట లాంతరుకు ఓటెయ్యమని బతిమాలిన గొంతే సాయంత్రం లాంతరును ఆర్పేయమని ఊరేగుతోంది. అందులో ఎవరికీ తప్పు కనిపించలేదు, కూలి మనిషికి పార్టీ ఏముంటుంది. మొట్టమొదట మిషను సరిగా పడుతోందో లేదో చూడాలన్నాడు గోవిందన్న. నీ గొంతుల్లో మెత్తనిది చావు కబురు, అది చెప్పు, అది పడితే అన్నీ పడతాయి అన్నాడు. చావు కబురుకు పేరు కావాలి. బతికున్నవాళ్ళ పేరు ఆ మాటల్లో ఇరికించడం గఫూర్ సాబ్‌కు చేతకాదు. అది ఆయన పెట్టుకున్న నియమం. పేరు లేకుండా చెప్పబోతే నాలుక తిరగలేదు. చివరికి, మనకు మనం అనుకుంటే ఎవరికీ దోషం లేదని తన పేరే పెట్టుకున్నాడు. మూడుసార్లూ చెప్పాడు, పద్ధతి ప్రకారం. దాన్ని చెరిపేస్తానన్నాడు గోవిందన్న. చెరపకుండా ఆ టేపునే తిప్పి, రెండోవైపు లాంతరు ప్రచారం నింపినట్టున్నాడు.

ఇక సుంకప్ప. పాతికేళ్ళు గొట్టం కింద కూర్చుని రెండు చెవులూ పోగొట్టుకున్నవాడు. మైకు మోగుతోందా లేదా అన్నది గొట్టం మీద చెయ్యి పెట్టి అదురు చూసి తెలుసుకుంటాడు. టేపు ఏ వైపు పెట్టాడో పెట్టాడు. నాలుగురోడ్లు వచ్చినప్పుడల్లా మొదటికి తిప్పి మళ్ళీ నొక్కడం గోవిందన్న నేర్పిన పద్ధతి. ఇళ్ళముందు జనం నోటిమీద చెయ్యి పెట్టుకుని చేతులు జోడిస్తుంటే, ఈసారి లాంతరుకు బలం బాగుందనుకుని వాడూ చేతులు జోడిస్తున్నాడు.

జట్కాను పట్టుకుందామని గఫూర్ సాబ్ ఆ ఎండలో ఆలూరు రోడ్డు చివరిదాకా నడిచాడు. అక్కడికి పోతే గొంతు హవన్నపేటలో వినిపించింది. అటు తిరిగితే షరాఫ్ బజారు వైపునుంచి. తన గొంతు ముందు, తను వెనక. దాహమై, ఆయాసమై, విఠల్ హోటల్లో కూలబడ్డాడు.

విఠల్‌కు అతని ముఖం తెలుసు. పదేళ్ళుగా టీ పోసినవాడు. గల్లాపెట్టె దగ్గర్నుంచి చూసి, చూసి, అక్కడే లేచి నిలబడ్డాడు. హోటల్లో అప్పటికే ఆ చావు మీదే చర్చ నడుస్తోంది. పత్తి దళారి అయ్యన్న, హైస్కూలు సారు శ్రీపాదరావు చెరో బెంచీ మీద ఉన్నారు. గఫూర్ సాబ్ లోపలికొస్తూనే ఇద్దరూ నోరు మూశారు.

"నువ్వు..." అన్నాడు విఠల్.

గఫూర్ సాబ్ గుండెమీద చెయ్యి పెట్టుకుని, నేనే, ఉన్నాను అన్నట్టు తల ఊపాడు. పిడికెడు మాటల్లో ఒక్కటి కూడా ఇక్కడ వదలకూడదు. బయట వీధి మలుపులో మైకు అతని చావును మళ్ళీ చెప్పింది. అందరూ అటు విని, ఇటు చూశారు.

"టేపులో వచ్చిందంటే వచ్చినట్టేనప్పా," అన్నాడు అయ్యన్న నెమ్మదిగా. "మనిషి మాట మారుస్తాడు. మిషను యాడ మారుస్తాది? అందుకే కదా కోర్టులో టేపు పెడతారు."

"కోర్టులో అది చెల్లదండీ," అన్నాడు శ్రీపాదరావు. ఊళ్ళో మిద్దెమీద మొదట టీవీ ఏంటెనా పాతించినవాడు గనుక ఇలాంటి వాటిలో ఆయన మాటకు విలువ. "అయినా ఢిల్లీలో వార్తలు చదివే మనిషిని మనం టీవీలో చూస్తాం. అతను ఆ సమయానికి నిజంగా ఉన్నాడో లేదో మనకేం తెలుసు? ముందురోజే పట్టి ఉంచినా ఉంచవచ్చు. మనం నమ్మడం లేదా?"

"అదే నేననేది సారూ. బొమ్మను నమ్మినాంక మనిషితో పనేముంది? రేపు ఓట్లు కూడా మిషన్లే వేసుకుంటాయి, సూడండి."

"మరి ఈయన ఈడ కూర్చునుండాడు కదరా," అన్నాడు విఠల్.

"ఉండాడు లే. కాదంటినా?" అయ్యన్న గఫూర్ సాబ్ వైపు చూడకుండానే అన్నాడు. "సాబ్ లాగానే ఉండాడు. ఏమీ మాట్లాడడేమి మరి?"

విఠల్ టీ తెచ్చాడు. గ్లాసు చేతికివ్వలేదు, బల్లమీద పెట్టి చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. గఫూర్ సాబ్ పావలా తీసి ఇవ్వబోతే వద్దు వద్దని రెండుచేతులూ ఊపాడు. ఆ టీ బల్లమీదే వదిలి లేచాడు. పదేళ్ళ పరిచయం ఒక్క మధ్యాహ్నంలో ఇట్లా అయిపోయినందుకు అతనికి ఏడుపొచ్చింది.

ఇల్లు చేరేసరికి వాకిట్లో చెప్పుల గుట్ట. లోపల ఆడవాళ్ళ ఏడుపు. గఫూర్ సాబ్ గుమ్మంలో నిలబడగానే ఆ ఏడుపు తెగిపోయింది. ఒకామె కెవ్వున అరిచి గోడకు చేరగిలబడింది. హమీదాబీ గది మధ్యలో కూర్చుని ఉంది. కొంగు నేలమీద. ముందు పచ్చటి గాజుపెంకులు. మణికట్టు మీద రెండుమూడు చోట్ల గీరుకుని నెత్తురు. చేతులు బోసిగా, ఎవరివో చేతుల్లా ఉన్నాయి.

భర్తను చూసి ఆమె లేవలేదు. మోకాళ్ళమీద దేకుతూ వచ్చి అతని పాదం పట్టుకుని నొక్కి చూసింది.

"వేడిగానే ఉండావు," అంది. "పొద్దున పోయినావు కదా బస్సుకు. దారిలో ఏమన్నా అయిందేమో అనుకొంటి. తెల్లారుజామున అని మైకులో నువ్వే చెప్తివి. నేనేమో పొద్దున రొట్టె పెట్టింది ఎవరికా అని... నాకే బుర్ర చెడిందేమోనని..." బోసి చేతులు చూసుకుంది. "గాజులు అక్బర్‌బీ తీసింది. నేను వద్దనలేకపోతిని. నీ గొంతే కదా, ఎట్ల కాదంటాను?"

పక్కింటి అక్బర్‌బీ తల దించుకుంది. "లాలాబీకి కూడా కబురు పంపినాము," అంది మెల్లిగా. "తుగ్గలి పోయే బస్సు డ్రైవరుతో."

ఏడో నెల పిల్ల. గఫూర్ సాబ్ అక్కడ ఇంకో క్షణం నిలబడలేదు.

అంగడికొచ్చిన గఫూర్ సాబ్ సైగలతో సంగతి తెలుసుకుని గోవిందన్న నెత్తి కొట్టుకున్నాడు. అప్పటికే జట్కా తిరిగొచ్చింది. టేపు బయటికి లాగి చూశాడు, ఔను, తప్పు వైపు. సుంకప్ప చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెబితే, వాడు గఫూర్ సాబ్ రెండుచేతులూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తప్పయిందని తానే మైకులో చెబుతానని గోవిందన్న అంగడి ముందే నిలబడి చెప్పాడు కూడా. దారినపోయేవాళ్ళు ఆగి విని, "ఆయనే సొంతంగా చెప్పుకున్నాంక నువ్వెవరప్పా కాదనేకి?" అంటూ సాగిపోయారు.

గోవిందన్న మైకు కిందికి దించాడు. "సాబ్, ఇది నీ గొంతుతో పుట్టింది. నీ గొంతుతోనే పోవాల. నాకు తెలుసు, హకీం ఏమనుంటాడో. నేను అడగలేను."

తుగ్గలి నుంచి వచ్చే చివరి బస్సుకు లాలాబీ రావచ్చు. ఊళ్ళో అడుగుపెట్టగానే దారిపొడుగునా ఎవరేమంటారో. బోసిచేతుల హమీదాబీని రేపు నీళ్ళ కొళాయి దగ్గర ఎవరు ఎట్లా పలకరిస్తారో. గఫూర్ సాబ్ కాసేపు గొంతు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. అజాన్‌కు ఎన్ని మాటలు కావాలో లెక్క వేసుకున్నాడు. మూడు చోట్ల, నాలుగురోడ్లు కలిసేకాడ, మూడేసి సార్లు, చిన్న చిన్న మాటలైతే ఇంకా కొంచెం మిగలవచ్చు. మిగలాలి. ఆశ గట్టిదే.

పొద్దు వాలుతుండగా జట్కా బయలుదేరింది. బండెక్కి, చెప్పులు విడిచి, కాళ్ళు ముడుచుకుని కూర్చుని, మైకు నోటిదగ్గర పెట్టుకున్నాడు.

"పట్టణ ప్రజలకు మనవి. నేను గఫూర్ సాబ్‌ను. బతికే ఉండాను. ఇందాక వచ్చింది టేపు. తప్పు."

గొట్టంలోంచి వచ్చింది ఇనుమును రాతిమీద ఈడ్చినట్టుండే చప్పుడు. మాటలు అర్థమయ్యాయి గానీ ఆ గొంతు ఎవరిదో ఎవరికీ తెలియలేదు. షరాఫ్ బజారులో మిద్దెమీదనుంచి ఒకాయన వంగి చూశాడు.

"ఎవరప్పా అది? పోయినోళ్ళ పేరు చెప్పుకుని తిరిగేది? గఫూర్ సాబ్ గొంతు మాకు తెలీదా?"

"ఓట్ల కోసం ఏమైనా చేస్తారు," అని కింది అంగడివాడు అందుకున్నాడు. "తక్కెడోళ్ళ పనే ఇది. మనిషి పోయి దినం కాలేదు, సిగ్గు లేదు."

నేనేనయ్యా, చూడండి అన్నట్టు గఫూర్ సాబ్ బండిలోనుంచి ముందుకు వంగి ముఖం చూపించాడు. ముఖం చూసి ఎవరూ ఏమీ అనలేదు. ఆ ముఖం వాళ్ళకు తెలియదు. గడ్డమున్న ముసలి సాయిబులు ఊళ్ళో చాలామంది.

హవన్నపేట దగ్గర రెండోసారి. అక్కడ ఒక తల్లి బిడ్డను లోపలికి లాక్కుని తలుపేసుకుంది. మూడో నాలుగురోడ్ల దగ్గర "పట్టణ ప్రజలకు" అన్నాక ఇంకేమీ రాలేదు. పెదవులు కదిలాయి. గొట్టంలోంచి గాలి. ఇంకోసారి ప్రయత్నించాడు, గాలే. ఒక్క మాటకోసం, చెవిలో చెప్పేంత చిన్నమాటకోసం లోపలంతా వెతుక్కున్నాడు. ఏమీ మిగల్లేదు. అనవసరంగా పారేసుకున్నానే అని అతనికి గుండె చెరువైంది. కన్నీళ్ళు గడ్డంలోకి కారుతుంటే, మైకును అట్లాగే ఒళ్ళో పెట్టుకుని యాంప్లిఫయరు పెట్టెకు ఆనుకున్నాడు. దాన్ని ఆపడం మరచిపోయాడు.

సుంకప్ప వెనక్కి చూడలేదు. గొట్టం మీద చెయ్యి పెట్టి అదురు లేదని తెలుసుకుని, పని అయిందనుకుని గుర్రాన్ని ఇంటివైపు తిప్పాడు. వాడికి మాట్లాడటం ఇష్టం. జవాబు ఎట్లాగూ వినిపించదు గనుక ఎప్పుడూ జవాబు కోసం ఆగడు.

"శ్రీపాదరావు సారు మిద్దెమీద ఏంటెనా సూసినావా సాబన్నా? ఆదివారం పొద్దున పేటంతా ఆడనే. మా ఆడది కూడా పోతాది. బొమ్మలు కదిలేది నాకు సాలు, మాట యాడ వినపడతాది నాకు? ఈ లాంతరోడు గెల్సినా ఆ తక్కెడోడు గెల్సినా కొళాయికి నీళ్ళు రావు, నేను రాసిస్తా. నా ఓటు మాత్రం నా గుర్రానికి గడ్డి ఏసినోనికే. గుర్రం గూడా ఎన్నాళ్ళులే. ఆటోలొచ్చె. గోవిందన్న ఆటో కొంటాడంట. టేపుంది, ఆటో ఉంది, ఇంక నువ్వేమి, నేనేమి..."

ఇదంతా మైకులో ఊరికి వినిపిస్తోంది. జనం నవ్వుకుంటున్నారు. సుంకప్ప మాటల కింద, మాటకూ మాటకూ మధ్య, బరువైన ఊపిరి ఒకటి వినిపిస్తూనే ఉంది. పగలంతా విన్నదే గనుక ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. టేపు ఇంకా తిరుగుతోందనుకున్నారు. ఐసు ఫ్యాక్టరీ సందు దాకా ఆ ఊపిరి ఉంది. సందు దాటాక గుర్రం గిట్టలు, సుంకప్ప కబుర్లు మాత్రమే మిగిలాయి. హోటలు మూస్తూ విఠల్ ఆ తేడా గమనించాడట. "టేపు అయిపోయిందేమో అనుకొంటి," అని తర్వాత ఎవరితోనో అన్నాడు.

కౌడల్‌పేటలో ఇంటి ముందు బండి ఆపి, "దిగు సాబన్నా, ఇల్లొచ్చె," అని సుంకప్ప రెండుమూడు సార్లు చెప్పాడు. ఆ మాటలు కూడా గొట్టంలోంచి పేటంతా వినిపించాయి. హమీదాబీ దీపం పట్టుకుని వచ్చి భర్త పాదం పట్టుకుని చూసింది. ఈసారి ఆమె ఏమీ అనలేదు. తీయడానికి చేతులకు గాజులు లేవు.

తెల్లవారి జనాజాకు తొమ్మిదిమంది వచ్చారు. మిగిలిన ఊరు రాలేదు. కోపమూ లేదు, నిర్లక్ష్యమూ లేదు. "నిన్ననే కదప్పా పోయింది," అన్నారు. నిన్ననే అయ్యో అన్నారు, నిన్ననే చేతులు జోడించారు, ఒక మనిషికి అది రెండోసారి ఎందుకు చేస్తారు? మళ్ళీ మైకులో చెప్పించమంటావా అని గోవిందన్న అడిగితే హమీదాబీ వద్దంది.

చివరి బస్సు తప్పిపోయిన లాలాబీ పొద్దుటి మొదటి బస్సుకు దిగి, సరిగ్గా మట్టి వేసే వేళకు అందుకుంది. కబురు తొందరగా అందింది కాబట్టి చూపు దక్కిందని అక్కడివాళ్ళు ఆమెను ఓదార్చారు. చనిపోయాక తన తండ్రి ఒక పగలంతా బతికి ఊళ్ళో తిరిగాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మూడో దినం ఆమె గోవిందన్న అంగడికి పోయి, అబ్బా గొంతులో అజాన్ ఏ టేపులోనైనా ఉందా అని అడిగింది. గోవిందన్న పదకొండు టేపులూ రెండువైపులా విని చూశాడు. చీరలున్నాయి, సినిమాలున్నాయి, లాంతరు, తక్కెడ ఉన్నాయి.

ఎన్నికలకు ఇంకా ఆరు దినాలున్నాయి. గఫూర్ సాబ్ గొంతు పొద్దుట ఒక పార్టీకి, సాయంత్రం ఒక పార్టీకి ఓట్లడుగుతూ ఊరంతా తిరిగింది. సుంకప్ప ముందు కూర్చుని గొట్టం మీద చెయ్యి పెట్టి అదురు చూసుకుంటూ గుర్రాన్ని తోలాడు. వెనక, యాంప్లిఫయరు పెట్టె పక్కన, ఎవరూ ముట్టుకోని రెండు తోలు చెప్పులు దూదిపట్టి, ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా ఉన్నాయి.